బ్లెన్‌హైమ్ వంతెన మీద రెండు నిందలు

స్కోహారీ వాగు మీద బ్లెన్‌హైమ్ చెక్క వంతెనను మళ్ళీ కట్టి ఏళ్ళు గడిచాయి. దాని మీద పడ్డ నిందలు రెండూ ఇంకా పోలేదు. అది నకిలీది అని ఒకటి. అది దండగ అని ఇంకొకటి. మొదటి మాట అనేవాళ్ళు పాత కట్టడాలంటే ప్రాణమని చెప్పుకునే చదువరులు. రెండో మాట అనేవాళ్ళు జనం సొమ్ముకు తామే కాపలాదారులమనుకునే పొదుపరులు. మామూలుగా ఈ రెండు తెగలకూ క్షణం పడదు. ఈ వంతెన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడతారు. వీళ్ళిద్దరితోనూ నాకు తగువుంది, ఈరోజు తేల్చుకుంటాను.

అసలు అదేం వంతెనో ముందు తెలియాలి. న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి నైరుతిగా, క్యాట్‌స్కిల్ కొండల ఉత్తరపు అంచున స్కోహారీ లోయ ఉంది. పేరుకు వాగే గానీ, కొండల మీద మంచు కరిగినప్పుడూ తుపాను పట్టినప్పుడూ అది ఏ నదికీ తీసిపోదు. దాని ఒడ్డున నార్త్ బ్లెన్‌హైమ్ అనే పల్లె. చుట్టుపక్కల ఇళ్ళన్నీ కలిపి లెక్కేసినా నాలుగు వందల జనాభా ఉండదు. అక్కడ సుంకం వసూలు చేసుకుని బతికే ఒక వంతెన కంపెనీ ఉండేది. అది వెర్మాంట్ నుంచి నికొలస్ పవర్స్ అనే వడ్రంగిని పిలిపించి పని అప్పగించింది. పవర్స్ పనిలో దిగి పని నేర్చుకున్నవాడు. ఇరవై ఏళ్ళ వయసులో సొంతూరు పిట్స్‌ఫర్డ్‌లో మొదటి వంతెన పని అడిగితే, కుర్రాణ్ణి నమ్మలేక తండ్రి చేత పూచీ రాయించుకున్నారట. ఆ కుర్రాడే నలభయ్యో పడి దగ్గర పడుతుండగా, 1855లో, ఒడ్డు నుంచి ఒడ్డుకు 210 అడుగులు నడుమ ఒక్క స్తంభం కూడా లేకుండా చెక్కతో దాటించాడు.

210 అడుగులంటే ఎంతో తెలియాలంటే, పాతకాలపు పెంకుటిల్లు ఒకసారి గుర్తు చేసుకోండి. ఇరవై అడుగుల వసారాకే దూలం కుంగుతుందేమోనని మన తాతలు నడుమ ఒక స్తంభం పెట్టుకునేవాళ్ళు.

పవర్స్ మూడు ట్రస్‌లు, అంటే బరువు మోసే కొయ్య జాలీ చట్రాలు, నిలబెట్టాడు. అటొకటి, ఇటొకటి, నడిమధ్యన ఒకటి. వాటి మధ్య రెండు దారులు: ఎదురెదురుగా వచ్చే బళ్ళు ఆగకుండా పోవచ్చు. ప్రతి ట్రస్‌లోనూ వరసగా నిలువు గుంజలు, గుంజకీ గుంజకీ నడుమ ఇంటూ ఆకారంలో ఏటవాలు కొయ్యలు. సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన స్టీఫెన్ లాంగ్ 1830లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఇందులో తెలివంతా చూపుకు ఆనని చిన్న చీలల్లో ఉంది. ఏటవాలు కొయ్యల కొసల దగ్గర చీలలు దిగగొట్టి, బరువు పడకముందే చట్రం మొత్తాన్ని బిగబట్టి ఉంచుతారు. అప్పుడు బండి ఎక్కినా దిగినా కీళ్ళు వదులు కావు. కాంక్రీటు దూలాల్లో ఉక్కు తీగలు లాగి ముందే బిగించే పని మనం ఇరవయ్యో శతాబ్దంలో నేర్చుకున్నాం. ఆ ఆలోచనకు ఇది చెక్కలో అన్న వరస. పవర్స్ ఇక్కడితో ఆగలేదు. నడిమి ట్రస్‌ను మిగతా రెండింటికన్నా ఎత్తు పెంచి, దానికి కప్పు దాకా లేచే ఓక్ కమానును జోడించాడు. పరంజా విప్పేరోజున ఆయన కప్పు మీదెక్కి కూర్చుని, వంతెన పోతే తనకు మరునాటి పొద్దు అక్కర్లేదన్నాడని ఒక కథ చెబుతారు. పెద్ద కట్టడాలకు ఇలాంటి కథ ఒకటి ఎలాగూ పుడుతుంది, నేను లెక్కలోకి తీసుకోను. వంతెన కూలలేదన్నది లెక్క.

ఇక కప్పు సంగతి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

కప్పున్న చెక్క వంతెన అనగానే టూరిస్టు కరపత్రాలు మొదలుపెట్టే పాట ఒకటుంది. ప్రేమికులు ముద్దులు పెట్టుకోవడానికి చాటు అట. గుర్రాలు కింది నీళ్ళు చూసి బెదరకుండా గోడలట. బాటసారులు వానకు తలదాచుకునే చోటట. ఒక్కటీ అసలు కారణం కాదు. ఫిలడెల్ఫియాలో షూయ్‌ల్‌కిల్ నది మీద తిమొతీ పామర్ కట్టిన వంతెనను 1805 నాటికి కప్పించింది రిచర్డ్ పీటర్స్ అనే న్యాయమూర్తి పట్టుదల. అమెరికాలో ఈ రకం వంతెనలకు మొదలు అదే. కప్పు లేకపోతే పది పన్నెండేళ్ళకు చెక్క చివికిపోతుందని, బాగా కప్పితే ముప్పై, నలభై ఏళ్ళు నిలుస్తుందని పామర్ అంచనా. కప్పు, పక్క పలకలు ఉన్నది ట్రస్ తడవకుండా. మనుషుల సుఖం ఎవడిక్కావాలి? సుఖం కోసమే అయితే, చలికాలంలో స్లెడ్జి బళ్ళు నడవడం కోసం బయటి మంచును పారలతో వంతెన లోపలికి ఎత్తిపోయవలసిన ఖర్మ ఆ పల్లెలకు ఎందుకు పట్టింది? చెక్క మూడింతల కాలం బతకడానికి వేసిన కచ్చితమైన లెక్కను తీసుకెళ్ళి ముద్దుల గది చేశారు. కట్టినవాడి బుర్రను ఇంతకన్నా అవమానించడం నాకు తెలియదు.

మనవాళ్ళు కూడా తక్కువ తినలేదు. అక్టోబరులో ఆకులు రంగు మారాయంటే న్యూజెర్సీ నుంచి, బోస్టన్ నుంచి తెలుగు కుటుంబాలు కార్లు కట్టుకుని వెర్మాంట్ బయలుదేరతాయి. వంతెన మొగదల దగ్గర పిల్లల్ని నిలబెట్టి ఫొటో, పట్టుచీరలో అమ్మకు ఒక ఫొటో, డ్రోన్‌తో ఒక వీడియో. లోపలికి నాలుగడుగులు వేసి తలెత్తి ఆ జాలీ చట్రాన్ని చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చూడనివాళ్ళలో సగం మంది సివిల్, మెకానికల్ చదివొచ్చినవాళ్ళే కావడం నా బాధ.

ఈ మోజు వంతెనలకేమైనా మేలు చేసిందా? అయోవాలో మాడిసన్ కౌంటీ చూడండి. రాబర్ట్ జేమ్స్ వాలర్ 1992లో అక్కడి వంతెనల పేరుతో ప్రేమకథ రాశాడు, 1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమా తీశాడు, ప్రపంచం అక్కడికి ఎగబడింది. అదే కౌంటీలో 1883 నాటి సీడార్ వంతెనను 2002లో ఎవరో తగలబెట్టారు. మళ్ళీ కట్టారు. 2017లో కుర్రాళ్ళు ముగ్గురు మళ్ళీ తగలబెట్టారు. లక్షల ఫొటోల ప్రేమ ఒక్క రాత్రి కాపలాగా అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది, పంతం పట్టి 2019 నాటికి మూడోసారి వంతెన నిలబెట్టిన ఆ ఊరి జనం.

బ్లెన్‌హైమ్‌కు జరిగింది దహనం కాదు. మర్యాద చేసి మూల కూర్చోబెట్టడం. 1931లో పక్కనే ఉక్కు వంతెన వచ్చింది. పాతదాన్ని పీకెయ్యకుండా కౌంటీ పెద్దలు ఉంచారు, అందుకు వాళ్ళకు దండం పెట్టాల్సిందే. 1964లో జాతీయ చారిత్రక చిహ్నమన్నారు. బండి చక్రం పడకుండా, పోస్టుకార్డుల మీద బొమ్మగా ఎనభై ఏళ్ళు నిలబడింది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను తెచ్చిన వరద దాన్ని లేపుకుపోయింది. దిగువన దొరికినవి ముక్కలు.

ఆ మర్నాటి నుంచి ఆ వంతెన గొప్పతనం గురించి ఎంతమంది మాట్లాడారో! చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఏడుపుల నడుమ ఒక పెద్దమనిషి తరహా మాట కూడా వినిపించింది: చెక్క వంతెన కదండీ, ఎన్నాళ్ళుంటుంది? ఈ మాటకు జవాబు అదే వాగు ముందే చెప్పి ఉంచింది. బ్లెన్‌హైమ్‌కు చాలా దిగువన, స్కోహారీ వెళ్ళి మోహాక్ నదిలో కలిసే చోటుకు దగ్గర్లో, న్యూయార్క్ థ్రూవే హైవే మీద ఉక్కు, కాంక్రీటు కలిపి 1950లలో కట్టిన వంతెన ఉండేది. 1987 ఏప్రిల్ 5న వసంతపు వరదకు స్తంభం అడుగున మట్టి కోసుకుపోయి అది విరిగి పడింది. కార్లు, ఒక ట్రక్కు వాగులో పడ్డాయి. పదిమంది చనిపోయారు. స్తంభాల చుట్టూ పోసిన రాళ్ళు కొట్టుకుపోతుంటే తిరిగి పోసినవాడు లేడు. కాలేజీ చదువులు, హైవే నిధులు, రాష్ట్ర ప్రభుత్వం వెనకాల ఉన్న కట్టడం ముప్పై చిల్లర ఏళ్ళకు పోయింది. పల్లెటూరి సుంకం కంపెనీ కోసం ఒక వడ్రంగి కట్టింది 156 ఏళ్ళకు పోయింది. ఇందులో ఏది పాతకాలపు తెలివితక్కువతనమో చెప్పండి చూద్దాం.

సరే, మొదటి నింద. వంతెన పోయాక చారిత్రక చిహ్నాల జాబితాలోంచి పేరు కొట్టేశారు. పాత చెక్క లేదు కాబట్టి పాత వంతెన లేదు, కొత్తది ఎంత బాగున్నా నమూనాయే అన్నది అక్కడి తర్కం. కాగితం మీద చక్కగానే ఉంటుంది. చెక్క పని తెలిసినవాడి ముందు ఈ మాట అంటే మాత్రం నవ్వుతాడు. చెక్క వంతెన కట్టేది భాగాలు మార్చుకుంటూ పోవడానికే. నడిచే పలకలు అరుగుతాయి, మారుస్తారు. కప్పు చివుకుతుంది, మారుస్తారు. పుచ్చిన కొయ్యకు కొత్త కొయ్య అతుకుతారు. 1869 వరదలో పడమటి ఒడ్డు కోసుకుపోతే బ్లెన్‌హైమ్ వాళ్ళు ఆ పక్కన అదనంగా దారి కట్టుకున్నారు. అప్పుడు నకిలీ అయిందా? సగం చెక్క మారినప్పుడు అసలుదే, మొత్తం ఒకేసారి మారితే నకిలీదా? ఎన్నో పలక దగ్గర దొంగదవుతుందో గీత గీసి చూపించమనండి.

ఈ విషయంలో చైనావాళ్ళ దారి నాకు నచ్చింది. ఫూజియన్, జెజియాంగ్ కొండల్లో కప్పున్న చెక్క కమాను వంతెనలు ఉన్నాయి. 2009లో యునెస్కో అత్యవసర రక్షణ జాబితాలోకి ఎక్కింది ఆ వంతెనలు కట్టే విద్య. దూలాలు నేసే పద్ధతి, పనిముట్లు, గురువు నుంచి శిష్యుడికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే లెక్కలు. 2022 ఆగస్టులో అక్కడి వాన్‌అన్ వంతెన తగలబడిపోయింది. దాదాపు వంద మీటర్ల వంతెన. వందల ఏళ్ళలో కాలిపోతూ, కొట్టుకుపోతూ, ప్రతిసారీ మళ్ళీ లేచిన కట్టడం అది. అక్కడ కట్టేవాడు బతికి ఉన్నంతకాలం వంతెన పోదు. అమెరికాలో కొయ్యకు నమస్కారం పెట్టి, కొయ్య చెక్కేవాణ్ణి గాలికి వదిలేశారు. పదివేలకు పైగా ఉండిన ఈ వంతెనలు ఇవాళ వెయ్యి లోపుకు వచ్చాయి. 1998లో కేంద్ర ప్రభుత్వం వీటి రక్షణకు ఒక పథకం పెట్టింది. 2012 రవాణా చట్టంలో దానికి ప్రత్యేక నిధి లేకుండా పోయింది. ఐరీన్ వచ్చి అప్పటికి ఏడాదన్నా పూర్తి కాలేదు! ఒక తరం పాటు ఎవరూ పెద్ద ట్రస్ కట్టకపోతే ఆ చీల ఎంత బిగించాలో చేతికి తెలియడం ఆగిపోతుంది. పుస్తకంలో ఉంటుంది. పుస్తకం చదివి 210 అడుగులు దాటించినవాణ్ణి నేను చూడలేదు.

అందుకే బ్లెన్‌హైమ్‌ను మళ్ళీ కట్టడం నాకు పండగ. పాత కొలతలు, ఫొటోలు ముందేసుకుని ఇప్పటి వడ్రంగులు లాంగ్ ట్రస్‌ను, నడిమి కమానును మళ్ళీ ఎత్తారు. పవర్స్ ఎక్కడ తల గోక్కున్నాడో అక్కడే వాళ్ళూ గోక్కుని ఉంటారు. 2018 నాటికి వంతెన నిలబడింది. ఆ పని చేసిన చేతులు ఇంకో వంతెన దగ్గరికి పోగలవు. పాత వంతెన చివరి ఎనభై ఏళ్ళలో కదలకుండా నిలబడి ఇలాంటి చేతుల్ని ఎన్నిటిని తయారుచేసింది?

నకిలీ అనే మాట వాడాలనే దురద ఉంటే అసలైన నకిలీలను చూపిస్తాను. వెర్మాంట్‌లోనే క్వీచీ అనే ఊళ్ళో ఫొటోలకు తెగ పేరున్న వంతెన ఉంది. 1970లో కట్టారు. పైన కప్పు, పక్కన పలకలు అన్నీ చెక్కే. బరువు మోసేది మాత్రం కిందనున్న ఆధునిక కట్టడం. ఆ చెక్కంతా ఊడబీకినా కార్లు మానకుండా పోతాయి. రక్షించడానికి ట్రస్ లేదు గనక ఆ కప్పుకు పనే లేదు. దాని దగ్గర ఫొటోలు దిగేవాళ్ళెవరూ నకిలీ అని అరవరు. అదే రాష్ట్రంలో బార్టన్స్‌విల్ వంతెన ఉంది. 1870 నాటిది, ఐరీన్ రోజే వాగులో పడిపోతుంటే ఎవరో తీసిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఊరివాళ్ళు పాత జాలీ పద్ధతిలోనే చెక్కతో మళ్ళీ కట్టి 2013లో దాని మీద కార్లు నడిపించారు. వాళ్ళు జాబితాల గురించి బెంగపెట్టుకోలేదు. వాళ్ళకు అవతలి ఒడ్డుకు పోవాలి.

బ్లెన్‌హైమ్ విషయంలో నా ఫిర్యాదు కూడా అదే. కొత్త వంతెన మీద మనుషులు నడుస్తారు, బళ్ళు నడవవు. రెండు దారులున్న, బరువు మొయ్యడానికి పుట్టిన చట్రం చేత మళ్ళీ ఉత్త చేతులు కట్టించి నిలబెట్టారు. పక్కన హైవే వంతెన ఉండగా అవసరమేముంది అంటారు. కనీసం ఏడాదికి ఒక రోజు గుర్రపు బళ్ళూ ట్రాక్టర్లూ పోనిస్తే, ఏ కీలు వదులయిందో ఏ చీల జారిందో తెలుస్తుంది. బరువు మోయని చెక్కను ఎవరూ పరీక్షగా చూడరు.

రెండో నింద దండగ. మళ్ళీ కట్టడానికి అరవై లక్షల డాలర్లకు పైనే అయింది. పెద్దవాటా కేంద్రం ఇచ్చే విపత్తు సాయం నుంచి వచ్చింది. ఆ సాయం పంచే ఫెమా సంస్థ మొదట కుదరదంది. కౌంటీ అప్పీలుకు పోయింది. నానా తిప్పలు పడితే ఒప్పుకుంది. ఎక్కడికీ పోని వంతెనకు ఇంత డబ్బా అన్న అరుపు అప్పటినుంచీ ఉంది. అదే వరదలో ఆ లోయలో ఇళ్ళు పోయాయి, పొలాలు పోయాయి. ఇల్లు పోగొట్టుకున్న స్కోహారీ మనిషి వచ్చి, నా గోడలకన్నా మీకు వంతెన ముఖ్యమయిందా అని అడిగితే నేను తల వంచుకుని వింటాను. ఆయనకు అడిగే హక్కుంది. ఆయన ఇంటికి రావలసిన డబ్బు వేరే పద్దు కింద రావాలి, రాకపోతే ఆ పద్దు చూసే అధికారి గల్లా పట్టుకోవాలి అని మాత్రం చెబుతాను. వంతెన ఆపినంత మాత్రాన ఆయన గోడ లేవదు.

కానీ ఈ అరుపు లోయ బయట నుంచి, నగరం వైపు నుంచి వస్తే మర్యాద పాటించను. బ్లెన్‌హైమ్‌కు ఎగువన గిల్బోవా అనే ఊరు ఉండేది. 1920లలో న్యూయార్క్ నగరం దాహం కోసం దాన్ని ఖాళీ చేయించి, ఇళ్ళు కూల్చి, స్కోహారీకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఊరున్న చోటు జలాశయం అయింది. అక్కడి నీళ్ళు కొండ కడుపులో తవ్విన షాండకెన్ సొరంగం గుండా ఎసోపస్ వాగులో పడి, అషోకాన్ జలాశయం చేరి, నగరపు కుళాయిల్లోకి పోతాయి. దాదాపు వందేళ్ళుగా పోతూనే ఉన్నాయి. ఆ ఆనకట్ట తగినంత బలంగా లేదని 2005లో బయటపడింది. మరమ్మతులు సాగుతుండగానే ఐరీన్ వచ్చింది. వరద రోజున అది తెగుతుందేమోనని దిగువ ఊళ్ళ జనం పిల్లల్ని ఎత్తుకుని కొండలెక్కారు. ఒక ఊరిని ఇచ్చారు, వాగును ఇచ్చారు, నిద్రలేని రాత్రులు ఇచ్చారు. బదులుగా ఒక పల్లె తన వడ్రంగి కట్టిన వంతెనను తిరిగి నిలబెట్టుకుంటే, అయ్యా, అది దండగా?

వందేళ్ళ నీళ్ళకు బజారు ధర కట్టి బిల్లు వెయ్యండి. గిల్బోవా ఇళ్ళకూ, బడికీ, పొలాలకూ ఈనాటి ఖరీదు కలపండి. ఆ మొత్తంలోంచి ఈ అరవై లక్షలు తీసేసి, నగరం లోయకు ఇంకా ఎంత బాకీ ఉందో ఆ పొదుపరులనే చెప్పమనండి.